ఉంగరం ఉంచి శాపం తీసేస్తే

అమ్మాయీ,

నువ్వు పంపిన శకుంతల కథ రెండుసార్లు చదివాను. వాక్యం చేతికొచ్చింది నీకు. లేడిపిల్ల దర్భలు కొరికే చోటు, ఆశ్రమంలోని పెద్దావిడ గౌతమి మోకాళ్ళ నొప్పితో రాజభవనం మెట్లెక్కే చోటు బాగా కుదిరాయి. దిద్దేటప్పుడు వాటి జోలికి వెళ్ళకు. కథ మాత్రం నిలబడలేదు. ఆ అనుమానం నీకూ ఉన్నట్టుంది, "సభ సన్నివేశం ఎన్నిసార్లు తిరగరాసినా పలచగానే వస్తోంది" అన్నావు. లోపం ఆ సన్నివేశంలో లేదు. దానికి ఎనిమిది పేజీల ముందు, రాజు నిన్ను మరిచిపోతాడని శకుంతలను శపించే దుర్వాసుణ్ణి నువ్వు కథలోంచి పంపించేసిన చోట ఉంది.

శాపం తీసెయ్యడం తప్పని కాదు. ఈ కాలం పాఠకుడికి శాపం మింగుడుపడదనుకున్నావు, దుష్యంతుడు మరిచిపోలేదు, కావాలనే ఎరగనన్నాడని రాశావు. సరే. కానీ ఉంగరం ఉంచావు. ఉంగరాన్ని మింగిన చేపను ఉంచావు. జాలరి దాన్ని తెచ్చి చూపించగానే రాజు గుండె కరిగి భార్యను వెతుక్కుంటూ బయల్దేరడం కూడా ఉంచావు. మరిచిపోనివాడికి ఉంగరం గుర్తుచేసేదేముంటుంది? అన్నీ తెలిసి బొంకినవాడికి అది తన బొంకును బయటపెట్టే వస్తువు. దొరికితే దాచిపెడతాడు, లేదా జాలరి నోరు నొక్కేస్తాడు. నీ కథలో మాత్రం కంటతడి పెట్టుకున్నాడు. అక్కడే పాఠకుడు నిన్ను నమ్మడం మానేస్తాడు. సభలో శకుంతల మూడు పేజీలు మాట్లాడినా, చదివేవాడి మనసు ఆమె మాట మీద కాకుండా ఆమె ఖాళీ వేలి మీద ఉంటుంది. సాక్ష్యం పోయింది కాబట్టి కేసు పోయింది, అంతే కదా అనుకుంటాడు. నీ పలచదనం అదీ.

అభిజ్ఞాన శాకుంతలం నాటకంలో కాళిదాసు ఆ శాపాన్ని అలంకారానికి పెట్టలేదు. ఆయనకు దొరికిన కథ భారతంలోది. అందులో శాపం లేదు, ఉంగరం లేదు, చేప లేదు. దుష్యంతుడికి అంతా తెలుసు, తెలిసే కాదన్నాడు. నాటకానికి ధీరోదాత్తుడైన నాయకుడు కావాలి, నిండు సభలో బొంకేవాడు పనికిరాడు. అందుకని బొంకును మరుపుగా మార్చాడు. ఆ ఒక్క మార్పుకు ఎన్నిచోట్ల ఖరీదు చెల్లించాడో చూడు. మరుపుకు కారణం కావాలి, దుర్వాసుడు వచ్చాడు. మరుపు పోవడానికి గుర్తు కావాలి, చెలికత్తె ప్రియంవద కాళ్ళావేళ్ళా పడితే ముని ఆనవాలుగా ఇచ్చిన ఆభరణం చూస్తే శాపం తీరుతుందన్నాడు. ఆ గుర్తు సమయానికి చేతిలో ఉండకూడదు, శచీతీర్థంలో జారిపోయింది. శాపం సంగతి శకుంతలకు తెలిస్తే ఉంగరాన్ని కళ్ళలో పెట్టుకు కాపాడుకుంటుంది, కాబట్టి ఆమెకు తెలియకూడదు. చెలికత్తెలిద్దరూ ఆమె సుకుమారమైన మనసు తట్టుకోలేదని దాచేశారు. కణ్వుడికి ముందే తెలిస్తే ఏదో ఒకటి చేసేవాడు, ఆయన అప్పటికి సోమతీర్థంలో ఉన్నాడు.

ఇంకో చిల్లు ఉంది, చాలామంది చూడరు. రాజుతోపాటు అడవికి వచ్చిన విదూషకుడు మాధవ్యుడికి ఈ ప్రేమ సంగతి తెలుసు. రాజు మరిచిపోతే వాడు గుర్తుచెయ్యొచ్చు కదా? కాళిదాసు ఆ చిల్లును రెండో అంకం చివర్లోనే పూడ్చాడు. రాజమాత వ్రతం నెపంతో విదూషకుణ్ణి ఊరికి పంపేస్తూ, వీడు వాగుడుకాయ, అంతఃపురంలో చెప్పేస్తాడేమోనన్న భయంతో, ఆ ముని కన్య సంగతంతా పరిహాసానికి అన్నాను, నిజమనుకునేవు సుమా అంటాడు రాజు. ఆరో అంకంలో ఉంగరం దొరికాక, నువ్వయినా గుర్తుచెయ్యలేదేమని రాజు అడుగుతాడు. పరిహాసమన్నావుగా, మట్టిబుర్రను కాబట్టి నమ్మానంటాడు వాడు. నాలుగు అంకాల ముందు ఒక చిన్న అబద్ధం, అదీ రాజు నోటి నుంచే. శాపం వల్ల మరిచిపోయిన మంచి రాజే అయినా, ఆ ప్రేమను అబద్ధంతో కప్పిన మొదటివాడు తనే. ఈ పనితనం చూసి నేర్చుకో, శ్లోకాల అందం తర్వాత చూసుకోవచ్చు.

కాబట్టి శాపం, ఉంగరం, చేప, చెలికత్తెల మౌనం, విదూషకుడి ప్రయాణం ఒకే గొలుసు. ఒక కొక్కెం ఊడదీస్తే మిగతావి ఊడి కింద పడతాయి. నువ్వు ఒకటి తీసి మిగిలినవి గాలిలో వేలాడదీశావు.

వ్యాసుడి గొలుసు వేరు. అక్కడ గాంధర్వ వివాహానికి ముందే శకుంతల షరతు పెడుతుంది, తనకు పుట్టిన కొడుకే యువరాజు కావాలని. రాజు ఒప్పుకుంటాడు, సేన పంపి పిలిపించుకుంటానంటాడు, పిలిపించడు. ఆమె సభకు వచ్చేనాటికి గర్భవతి కాదు, పక్కన కొడుకు ఉన్నాడు. ఆరేళ్ళకే సింహాలను, పులులను చెట్లకు కట్టేసి సర్వదమనుడనిపించుకున్నవాడు. రాజు ఎరగనంటాడు. ఆమె వాదిస్తుంది, తిడుతుంది, వెళ్ళిపోబోతుంది. ఆకాశవాణి సాక్ష్యం చెబుతుంది. అప్పుడు రాజు పురోహితులకు, మంత్రులకు ఇచ్చే సంజాయిషీ చూడు: వీడు నా కొడుకని నాకూ తెలుసు, కేవలం ఆమె మాట మీద తీసుకుంటే లోకానికి శంక మిగిలిపోతుంది, వీడు శుద్ధుడనిపించుకోడు. ఎంత రాజకీయం ఉందో ఆ మాటలో! ఇది వారసత్వం కథ, పదిమందిలో రుజువు కథ. కాళిదాసుది జ్ఞాపకం కథ. పేర్లు ఒకటే, ప్రశ్నలు రెండు. నువ్వు వ్యాసుడి ప్రశ్న వేసి కాళిదాసు జవాబు రాశావు.

ఇందులో నీ తప్పొక్కటే లేదులే. మనవాళ్ళకు శకుంతల అంటే ఉంగరమే గుర్తొస్తుంది. 1966లో కమలాకర కామేశ్వరరావు తీసిన సినిమా, 2023లో గుణశేఖర్ తీసిన సినిమా రెండూ కాళిదాసు దారినే నడిచాయి. అంతకు ఎంతో ముందు, 15వ శతాబ్దిలో పిల్లలమర్రి పినవీరభద్రుడు భారత కథనూ నాటకాన్నీ కలిపి శృంగార శాకుంతలం రాశాడు. కలపకూడదని ఎవరూ అనరు. కలిపేవాడికి ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి, అంతే.

ఇక పని చెబుతాను. అడ్డంగా తిప్పిన పెద్ద నోటుబుక్కు ఒకటి తీసుకో. ఐదు గడులు గియ్యి: సంఘటన, వ్యాసుడు, నన్నయ, కాళిదాసు, నువ్వు. నిలువుగా ఇరవై అయిదు నుంచి ముప్పై వరుసలు పడతాయి. వేట, ఆశ్రమ ప్రవేశం, కణ్వుడు ఎక్కడున్నాడు, పెళ్ళికి ముందు షరతు ఉందా, వెళుతూ రాజు ఏమిచ్చాడు, బిడ్డ ఎక్కడ పుట్టాడు, సభకు ఎవరెవరు వచ్చారు, మొదట ఎవరు మాట్లాడారు, చివర ఎవరు మాట్లాడారు, ఇలా. లేనిచోట "లేదు" అని రాయి, గడి ఖాళీగా వదిలెయ్యకు. ఖాళీ గడి నువ్వు చూడలేదని చెబుతుంది, "లేదు" అన్నది కవి పెట్టలేదని చెబుతుంది. రెండూ ఒకటి కావు. రోజుకు గంట కూర్చుంటే పది, పన్నెండు రోజుల పని. నన్నయకు ఆదిపర్వం చతుర్థాశ్వాసం చాలు, తిరుమల దేవస్థానం వేసిన తాత్పర్య సహిత ప్రతి ఏ పెద్ద గ్రంథాలయంలోనైనా ఉంటుంది. సంస్కృత భారతానికి తెలుగు వచనానువాదంతోపాటు, పుణె భండార్కర్ సంస్థ పాత ప్రతులన్నీ పోల్చి వేసిన సంశోధిత ప్రతిని తెలిసినవారి చేత పక్కన పెట్టించుకుని చూడు. మాట అర్థంకాకపోతే సూర్యరాయాంధ్ర నిఘంటువు తియ్యి, ఆంధ్రభారతి వెబ్‌సైటులో వెతుక్కోవచ్చు. సినిమా చూసి గడులు నింపకు. కథాసంగ్రహాలు చూసి అసలే నింపకు. సంగ్రహం రాసేవాడు మొట్టమొదట వదిలేసేది విదూషకుణ్ణే.

పట్టిక అయ్యాక ఎర్ర సిరాతో ప్రతి గడి కింద ఒక్క మాట రాయి: "ఇది లేకపోతే ఏది పడిపోతుంది?" ఏదీ పడిపోదని తేలినవాటిని నిర్భయంగా తీసెయ్యి. పడిపోయేవి ఉంటే, తీసేముందు వాటికి ఏ దన్ను పెడతావో ఐదో గడిలో రాయాలి. మంచి కథ పట్టికలో ఐదో గడిలో మూడు నాలుగు మార్పులకు మించి ఉండవు. నీ ప్రతిలో నేను లెక్కపెట్టినవి పద్నాలుగు.

రెండో పట్టిక చిన్నది: ఎవరికి ఏం తెలుసు, ఎప్పటినుంచి. కాళిదాసు నాటకానికి వేసి చూడు, ఒక విషయం బయటపడుతుంది. శాపం సంగతి శకుంతలకు ఏడో అంకంలో, ఆమె తలదాచుకున్న ఆశ్రమం ముని మారీచుడు చెప్పేదాకా తెలియదు. అంటే సభలోంచి బయటికి నడిచిన రోజు నుంచి, కొడుకు సింహం పిల్ల పళ్ళు లెక్కపెట్టేంతవాడయ్యే వరకు, ఆ మనిషి తనను తెలిసే కాదన్నాడని అనుకుంటూ బతికింది. అన్నేళ్ళూ నాటకం చూపించలేదు. చివర్లో మాసిన బట్టలతో, ఒంటిజడతో మన ముందుకు వస్తుంది, అంతే. పెద్ద కవి ఖాళీగా వదిలేసిన గది అది. నీలాంటివాళ్ళు కాపురం పెట్టవలసింది అలాంటి గదుల్లోనే. నువ్వేమో ఆయన నిండుగా సామాను సర్దిన సభామండపంలోకి వెళ్ళి కుర్చీలు జరుపుతున్నావు.

మాట గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, నీ ప్రతిలో అసలు గండం అక్కడుంది. నీ శకుంతల ఒక పేజీలో "ఆర్యపుత్రా, తమరు సెలవిచ్చినట్లు" అంటుంది, మరుసటి పేజీలో "నా ఐడెంటిటీని నువ్వు ఎరేజ్ చేశావు" అంటుంది. పాత కథ కాబట్టి గ్రాంథికం ఉండాలని ఒక భయం, కొత్త ఆలోచన కాబట్టి ఇంగ్లీషు ఉండాలని ఇంకో భయం. రెండూ వదిలెయ్యి. కాళిదాసు నాటకంలోనే అందరిదీ ఒక భాష కాదు. రాజు, మునులు సంస్కృతం మాట్లాడతారు, శకుంతల, చెలికత్తెలు, విదూషకుడు ప్రాకృతం, జాలరిది మాగధి, అది ప్రాకృతంలోనే ఇంకో రకం. వాడి చేతులు కట్టి లాక్కొచ్చిన రక్షకభటులు, వాడికి బహుమానం దొరకగానే స్నేహితులైపోయి, అందరూ కలిసి కల్లుపాకకు బయల్దేరతారు. (పోలీసు పాత్రలు రాయడం మనం కొత్తగా కనిపెట్టామనుకునేవాళ్ళు ఆ ఒక్క ఘట్టం చదవాలి.) కాబట్టి అందరి చేతా ఒకే తీరు పట్టుబట్టల తెలుగు మాట్లాడిస్తే మూలానికి విధేయంగా ఉన్నట్టూ కాదు.

పాత్ర ఎదుటివాణ్ణి ఏమని పిలుస్తోందో అక్కడ కథ నడుస్తుంది. ఐదో అంకం తీసి శకుంతల పిలుపులు మాత్రం చూడు. మొదట "ఆర్యపుత్ర" అని నోటిదాకా వస్తుంది, అంతలోనే ఆగిపోతుంది. పెళ్ళే అనుమానంలో పడ్డాక ఆ పిలుపుకు హక్కెక్కడిదని. వెంటనే "పౌరవ" అంటుంది. వంశం పేరు, దూరపు పిలుపు. ఉంగరం లేదు. లేడిపిల్ల దీర్ఘాపాంగుడు రాజు చేతినుంచి నీళ్ళు తాగకుండా తన చేతినుంచి తాగిన రోజు గుర్తుచేస్తుంది. రాజు వెటకారం చేస్తాడు, ఆడజాతి కపటం, పిల్లలను పరాయి పక్షుల చేత పెంచించే కోకిల దాకా పాకిందంటాడు. అప్పుడు "అనార్య" అంటుంది, నీచుడా అని. ఏడో అంకంలో జయం పలుకుతూ మళ్ళీ "ఆర్యపుత్ర" అనబోతే గొంతు పూడుకుపోతుంది. నాలుగు పిలుపుల్లో ఒక కాపురం కూలి మళ్ళీ నిలబడింది. నీ మూడు పేజీల ఉపన్యాసంలో ఆమె రాజును ఏమని పిలిచిందో వెతికాను. ఒక్కసారీ పిలవలేదు!

తెలుగులో ఈ పనికి మనకున్నన్ని పనిముట్లు ఎవరికున్నాయి? నువ్వు, నీవు, మీరు, తమరు. వాడు, అతను, ఆయన, వారు. "మీరు" నుంచి "నువ్వు"లోకి దిగే ఒక్క వాక్యం సరిగ్గా పడితే ఉపన్యాసం అక్కర్లేదు. ఆ దిగడం ఎక్కడో ముందే నిర్ణయించుకుని, అంతకుముందు ఒక్కచోట కూడా "నువ్వు" దొర్లకుండా చూసుకో. దొర్లిందంటే పస పోయింది.

నన్నయ ఏం చేశాడో కూడా చూడు. తెలుగుదేశం అంతా నోటికి వచ్చిన పద్యమే:

నుతజల పూరితంబులగు నూతులు నూఱిటికంటె సూనృత
వ్రత! యొక బావి మేలు; మఱి బావులు నూఱిటికంటె నొక్క స
త్క్రతువది మేలు, తత్క్రతు శతంబునకంటె సుతుండు మేలు, త
త్సుత శతకంబుకంటె నొక సూనృత వాక్యము మేలు చూడఁగన్

బడిలో దీన్ని నీతి పద్యంలా నేర్పుతారు, అక్కడే చంపేస్తారు. నీతి చెప్పడానికి రాలేదామె. ఎదురుగా నిలబడి అబద్ధమాడుతున్నవాణ్ణి "సూనృతవ్రతా" అంటోంది, సత్యమే వ్రతంగా గలవాడా అని. ఆ పిలుపు పాదం చివర "సూనృత" దగ్గర విరిగి "వ్రత" కిందికి జారింది. ఛందస్సు కోసమే పడి ఉండొచ్చు, చదివేటప్పుడు మాత్రం ఆ విరుపులో వెటకారం వినిపిస్తుంది. ఇంకొకటి. ఆమె వచ్చింది కొడుకు కోసం. ఎక్కుతున్న మెట్లు చూడు: నూరు నూతులకంటే ఒక దిగుడుబావి, నూరు బావులకంటే ఒక క్రతువు, నూరు క్రతువులకంటే ఒక కొడుకు. అక్కడ ఆగితే ఆమె పని జరిగిపోతుంది. ఆగలేదు. నూరుగురు కొడుకులకంటే ఒక నిజం మేలంటూ తన దావానే ఒక మెట్టు కిందికి దించేసింది. వాదన గెలవడానికి వచ్చిన మనిషి ఆ మాట అనదు. ఆత్మగౌరవం అనే మాట వాడకుండా ఆత్మగౌరవం రాయడం అంటే ఇది. ఇక ఎరగనంటున్న రాజును "ఎఱిఁగి యెఱిఁగి" ఎందుకిలా అంటావని నిలదీస్తుంది. రెండుసార్లు ఒకే మాట, సంతలో అక్కచెల్లెళ్ళు తగువులాడినంత మామూలుగా. వెయ్యేళ్ళనాటి పద్యంలో కూడా నోటి మాట అలా బతికే ఉంది, నీకు గ్రాంథికం భయం ఎందుకు?

గురజాడను కూడా ఈ దృష్టితోనే చదువు. గిరీశం ఇంగ్లీషు, మధురవాణి మనిషిని బట్టి మార్చే మాట తీరు, అగ్నిహోత్రావధాన్ల కేకలు, అన్నీ వేరు వేరు. కన్యాశుల్కం 1897 ప్రతి, 1909 ప్రతి రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, ఒక రచయిత తన పాత్రలను తనే ఎలా తిరగరాసుకున్నాడో కనబడుతుంది. అంతకుమించిన పాఠశాల లేదు. ఆ నాటకాన్ని తిరగరాసేవాళ్ళు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే, గిరీశాన్ని నవ్వులకు వాడుకుని బుచ్చమ్మను మరిచిపోతారు. వాడి మాటకు మనం ఎంత నవ్వితే, ఆ పిల్ల అంత తేలిగ్గా మోసపోయిందన్న మాట. నవ్వును తగ్గించకు, బుచ్చమ్మ వింటున్న చోటు నుంచి రాయి.

తలకిందులు చేసే కథల గురించి అడిగావు. దుష్టుణ్ణి నాయకుణ్ణి చెయ్యడం మన దగ్గర పాత అలవాటే, జనానికి ఇష్టమే. ఒక్క జాగ్రత్త చాలు. కర్ణుడి మీద కథ రాస్తే, ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చిన రోజు అతను ఏమన్నాడో ఆ ఘట్టం దాటవెయ్యకు. ఆమెను బంధకి, అంటే కులట, అన్నది, వస్త్రాలు లాగమని దుశ్శాసనుడికి చెప్పింది అతనే. కర్ణుడి మీద జాలితో రాసే కొత్త కథకులు సాధారణంగా ఆ పూట కర్ణుణ్ణి సభలో లేకుండా చేస్తారు, లేదా మనసులో బాధపడుతున్నట్టు రాస్తారు. నీ పాత్రకు అన్నిటికన్నా ఇబ్బందికరమైన సన్నివేశం ఏదో అదే కథ నడిమధ్య పెట్టు. దాన్ని మోసుకుని కూడా పాత్ర నిలబడితే నీ చదువు సరైనది. నిలబడకపోతే నువ్వు రాసింది వకాల్తా.

అలాగే "ఎవరూ పట్టించుకోని ఊర్మిళ" అన్న మాట ఉత్తరంలో రాశావు, కథలో మాత్రం రాయకు. మన ఆడవాళ్ళు ఊర్మిళాదేవి నిద్ర పాడుకున్నారు. అందులో వనవాసం నుంచి వచ్చిన లక్ష్మణుణ్ణి నిద్రమత్తులో ఉన్న ఊర్మిళ గుర్తుపట్టదు, పరాయివాడనుకుని, పరభార్యలను కోరినవాళ్ళకు పట్టిన గతులన్నీ ఏకరువు పెడుతుంది. శకుంతల కథను తిప్పి వేసుకున్నట్టు లేదూ? గుర్తుపట్టకపోయే హక్కు ఈసారి ఆడదానికి దక్కింది. కొత్త చూపు అనుకునేముందు పాటలు, హరికథలు, తోలుబొమ్మలాటలు ఒకసారి తడిమి చూడు. శశిరేఖ వ్యాసభారతంలో లేనే లేదు, అయినా 1957 మాయాబజార్ తర్వాత ఆమె లేదంటే నమ్మేవాళ్ళు తక్కువ. ఆ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా తెర మీదికి రారు. పెద్ద పాత్రలను గుమ్మం బయట ఉంచితేనే చిన్న పాత్రలకు ఇల్లు దక్కుతుందని కె.వి. రెడ్డి నుంచి నేర్చుకోవచ్చు.

కథను ఈ కాలానికి తెచ్చే ఆలోచన కూడా ఉందన్నావు: అమెరికా పెళ్ళికొడుకు, ఉంగరానికి బదులు ఫోను. వద్దు. వస్తువుకు వస్తువు మార్చితే కుదరదు. ఫోనులో రుజువులు పోవు, కుప్పలుగా ఉంటాయి, కాబట్టి నీ ఇబ్బంది తిరగబడుతుంది. వ్యవస్థకు వ్యవస్థ వెతుకు. గాంధర్వం అంటే సాక్షులు లేని పెళ్ళి. ఈనాడు రిజిస్టరు కాని పెళ్ళి. సభ అంటే రుజువు అడిగే అధికారం. ఈనాడు అది వీసా ఆఫీసులో గాజు కిటికీ వెనక కూర్చుంటుంది, లేదా ఊళ్ళో పెద్దమనుషుల మధ్య నులకమంచం మీద కూర్చుంటుంది. బిడ్డ ఎవరి పేరు మీద నమోదవుతాడన్నది అప్పుడూ ఇప్పుడూ ఒకటే ప్రశ్న. ఇది దొరికాక శకుంతల, దుష్యంత్ అని పేర్లు పెట్టకు. పాఠకుడు మూడో పేజీలో తనంతట పోల్చుకుంటే ఆ ఆనందం అతనికి దక్కనీ.

కొలతలు కొన్ని. రెండున్నర వేల మాటల కథలో ఒక్క ముడి పడుతుంది, రెండోదానికి చోటు లేదు. అందరికీ తెలిసిన భాగాన్ని తిరిగి చెప్పడానికి నూటయాభై మాటలకు మించి ఖర్చు చెయ్యకు. నువ్వు వేట వర్ణనకే ఆరు వందలు పెట్టావు. వ్యాసుడి దారి పట్టేట్టయితే, ఇక్కడ ఉంగరం లేదని మొదటి పేజీలోనే తెలియాలి, లేకపోతే పాఠకుడు చివరిదాకా చేప కోసం ఎదురుచూస్తాడు. లేదని చెప్పక్కర్లేదు, మొదటి వాక్యంలో ఆరేళ్ళ కొడుకు చెయ్యి పట్టించు, చాలు.

హక్కుల సంగతి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు అరవై ఏళ్ళు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో, వీరేశలింగం 1919లో పోయారు, వారి రచనలు ఎవరైనా వాడుకోవచ్చు. విశ్వనాథ సత్యనారాయణ 1976లో పోయారు కాబట్టి 2036 చివరిదాకా ఆయన వాక్యాలు అనుమతి లేకుండా ఎత్తిరాయకూడదు. వ్యాసుడు అందరివాడే. ఆయనకు నిన్న మొన్న వచ్చిన అనువాదం మాత్రం అనువాదకుడి సొత్తు. వాక్యం దించుకోకు, విషయం తీసుకుని నీ మాటలో రాయి.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఉన్న ప్రతిని పక్కన పెట్టు, చింపకు. పట్టిక వేశాక రెండు ఖాళీ గదుల్లో ఒకటి ఎంచుకో. ఒకటి కాళిదాసు ఇంట్లోది: అనసూయ, ప్రియంవద. శాపం విన్నది వాళ్ళిద్దరే, దాచింది వాళ్ళే. పెళ్ళి కావలసిన పిల్లలని కణ్వుడు వాళ్ళను రాజధానికి పంపలేదు. నాలుగో అంకం తర్వాత నాటకంలో మళ్ళీ కనిపించరు. గౌతమి తిరిగివచ్చి సభలో జరిగింది చెప్పిన సాయంత్రం ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకున్నారో ఎవరూ రాయలేదు.

రెండోది వ్యాసుడి ఇంట్లోది. ఆకాశవాణి పలికింది, కొడుకును ఒళ్ళోకి తీసుకున్నాడు, సంజాయిషీ అయిపోయింది. అప్పుడు రాజు శకుంతల వైపు తిరిగి, కోపంలో నన్ను అనరాని మాటలన్నావు, ప్రేమ కొద్దీ అన్నావు కాబట్టి క్షమించాను అంటాడు. తరువాత చీరలు, భోజనాలు. ఆమె ఏమన్నదో వ్యాసుడు రాయలేదు.

ఏది ఎంచుకున్నా ముందు రెండు పట్టికలూ పంపు, కథ తర్వాత. చేత్తో రాసినా ఫరవాలేదు, ఎడమవైపు రెండంగుళాలు వదులు, నా గీతలకు చోటుండాలి.

ఆశీస్సులతో.